మత్తు వేరు, సమత వేరు



ఎనిమిది కర్మములకు మన పెద్దలు ఎనిమిది పోలికలు చెప్పినారు. జ్ఞానావరణీయము కంటికి కట్టిన గుడ్డ వంటిది. దర్శనావరణీయము రాజదర్శనము కానీయని ద్వారపాలకుని వంటిది. వేదనీయము తేనె పూసిన కత్తి వంటిది. నాకునప్పుడు తీపి, నాలుక తెగినప్పుడు బాధ. ఆయువు సంకెల, నామము చిత్రకారుడు, గోత్రము కుమ్మరి. అంతరాయము, యజమాని ఇమ్మన్నను ఇవ్వని కోశాధికారి. (ఈ చివరి పోలిక విన్నప్పుడు వర్తకులు ఒకరి ముఖము ఒకరు చూచుకొని నవ్వుట కలదు.) ఇక అన్నింటిలోను బలవంతమైన మోహనీయ కర్మమునకు మద్యమును పోలికగా చెప్పినారు.

మద్యమునే ఎందుకు చెప్పవలెను? విషమని చెప్పవచ్చును, నిప్పని చెప్పవచ్చును. విషము చంపును, నిప్పు కాల్చును. కాని బాధపడుచున్నానను సంగతి బాధపడువానికి తెలియుచునే యుండును. త్రాగినవానికి అది తెలియదు. ఇల్లు కాలుచున్నను వెచ్చగా నున్నదని కూర్చుండును. బాకీ పెరుగుచున్నను పాడుకొనుచుండును. తనది ఏదో పరులది ఏదో తెలియకుండ చేయుటయే మోహనీయము చేయు పని.

శ్రావకుడు మద్యమును విడువవలెనని చెప్పుటకు రెండు కారణములు కలవు. పులియబెట్టిన దానియందు లెక్కలేని జీవులకు హింస కలుగుననునది ఒకటి. వివేకము నశించుననునది రెండవది. మొదటి కారణమును మనవారు చక్కగా జ్ఞాపకముంచుకొన్నారు. రెండవదానిని మరచిపోవుచున్నారేమో విచారించవలసిన కాలము వచ్చినది.

కోలారు సీమలో ఈ మాట చెప్పుటకు ఒక హక్కు కూడ కలదు. నేటి కోలారే పూర్వపు కువలాలపురము. గంగరాజుల వంశమునకు మూలపురుషులైన దడిగ మాధవులకు సింహనంది ఆచార్యులు రాజ్యము సమకూర్చినారనియు, నందగిరి వారి కోట, కువలాలము వారి నగరము అయినవనియు శివమొగ్గ సీమలో దొరికిన 12వ శతాబ్దపు శాసనములు చెప్పుచున్నవి. ఆచార్యులు ఊరక దీవించి పంపలేదు. మాట తప్పినను, పరభార్యను కోరినను, మద్యమాంసములకు లోబడినను, అర్థులకు ఈయకున్నను, యుద్ధమున వెన్నిచ్చినను వంశము నశించునని షరతులు పెట్టినారు. రాజ్యము చేయబోవువానికి తెలివి చెదరని మనస్సు కావలెనని దాని భావము. ఆ తరువాత ఎన్నో శతాబ్దములకు సుగటూరు పాలెగాండ్రు ఈ సీమను ఏలినారు. తమ్మేగౌడ 1595 ప్రాంతమున హొసకోట కట్టించినాడు. ఆ పాలెగాండ్రు పోయినారు, గంగలు పోయినారు, 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు కూడ మూతపడినవి. ఆచార్యుల షరతు మాత్రము గృహస్థుని మీద నేటికిని ఉన్నది.

నేటి శ్రావకుని ఇల్లు చూచినచో మద్యము లేదు. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. మందుబిళ్ళ గొట్టము వంటిదైతే పై తొడుగు జిలాటిన్‌తో చేసినదా, అది పశువుల ఎముకలనుండి తీసినదా యని అడిగి మరీ కొందురు. ఇది మెచ్చదగిన జాగ్రత్త. కాని ఆ తొడుగు లోపలి పొడి మనస్సును ఏమి చేయునని అడుగువారు ఎందరు? సూర్యాస్తమయము తరువాత నీరైనను ముట్టని చౌవిహారము పాటించు ఇంట, రాత్రి పది గంటలకు నిద్రమాత్ర కొఱకు నియమము సడలును. పెండ్లి బేరము కుదరలేదని ఒక మాత్ర, మార్కెట్టు పడినదని ఒక మాత్ర, కుమారుడు వేరు పడినాడని ఒక మాత్ర. అంగడిలో అర్ధమాత్రను ఒకరికొకరు ఇచ్చుకొనుట తాంబూలము ఇచ్చుకొన్నంత సులభమైనది.

ఈ సరకు చరిత్రను వర్తకులు తెలిసికొనుట మంచిది. సరకు అమ్మువాని మాటను ఎంతవరకు నమ్మవలెనో వర్తకునికంటె బాగుగ ఎవరికి తెలియును? 1898లో జర్మనీలోని బేయర్ కంపెనీ హెరాయిన్ అను పదార్థమును దగ్గు మందుగా అమ్మకమునకు పెట్టినది. దాని పేరు నేడు చెప్పిన పోలీసులు వత్తురు. 20వ శతాబ్దపు మొదట బార్బిట్యురేటులను నిద్రమందులు వచ్చినవి. అవి వ్యసనమై, మోతాదు మించి ఎందరో పోయిన తరువాత, 1955లో అమెరికాలో మిల్‌టౌన్ అను మాత్ర వచ్చినది. ఇది అట్టిది కాదన్నారు. జనులు అంగళ్ళ యెదుట బారులు తీరినారు. కొన్నేండ్లకు అదియు అలవాటు పడు సరకే యని తేలినది. 1960లో లిబ్రియమ్, 1963లో వేలియమ్ వచ్చినవి. ఇవి అట్టివి కావన్నారు. 1981లో అల్ప్రజోలామ్ అమెరికా అంగళ్ళకు వచ్చినది. ఈ జాతి మందులను రెండు మొదలు నాలుగు వారములకు మించి వాడకూడదని బ్రిటన్‌లోని మందుల భద్రతా సంఘము 1988లో హెచ్చరించినది. వేలియమ్ వచ్చిన ఇరువదియైదేండ్లకు వచ్చిన హెచ్చరిక అది. పాత సరకు చెడ్డదని ఒప్పుకొనుట కొత్త సరకు చేతికి వచ్చిన తరువాతనే జరుగుచుండుట గమనింపదగినది.

మెదడులో ఒక రసాయనము తక్కువగుటచేత దుఃఖము కలుగుననియు, మాత్ర ఆ లోటు పూడ్చుననియు చాల కాలము సామాన్యులకు చెప్పుచు వచ్చినారు. ఆ రసాయనము పేరు సెరొటోనిన్. ఏ ఆసుపత్రిలోను రోగి మెదడులోని సెరొటోనిన్‌ను తూచి చూచి మందు వ్రాయుట లేదు. తూకము వేయకుండ సరకు తక్కువైనదనుట ఏ బజారులో చెల్లును? 2022లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన జొఆన్నా మాన్‌క్రీఫ్, ఆమెతో పనిచేసినవారు అంతవరకు జరిగిన పరిశోధనలన్నిటిని తిరుగవేసి, ఈ సిద్ధాంతమునకు నిలుకడయైన ఆధారము కానరాలేదని ప్రకటించినారు. సిద్ధాంతము నిలువకున్నంత మాత్రమున మందు పనిచేయదని అర్థము కాదని ఇతర వైద్యులు బదులు చెప్పినారు. అదియు న్యాయమైన మాటయే. ఎట్లు పనిచేయునో తెలియకున్నను కొన్ని మందులు పనిచేయును. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పి అమ్ముటయే ఇచ్చటి తప్పు.

దూర దేశముల మాట ఎందుకు? తెలంగాణములో జరిగినది తెలుగువారందరు ఎరిగినదే. తాటిచెట్టు, ఈతచెట్టు ఇచ్చు కల్లు ఎంత, అంగళ్ళలో అమ్ముడగు కల్లు ఎంత? ఆ మిగిలినది నీటితోను, సాకరిన్‌తోను, క్లోరల్ హైడ్రేటు, డయాజిపామ్, అల్ప్రజోలామ్ అను మందులతోను తయారగుచుండెను. కూలివారు పగటి శ్రమను మరచుటకు దానిని త్రాగినారు. 2015లో అధికారులు కల్తీని అరికట్టుటకు పూనుకొనగా, సెప్టెంబరు నెలలో నిజామాబాదు, మహబూబునగరు జిల్లాల ఆసుపత్రులు నిండిపోయినవి. వచ్చినవారు విషము త్రాగి వచ్చినవారు కారు. ప్రతిదినము త్రాగు విషము దొరకక వచ్చినవారు. మెడలు వంకరలు పోయి, మూర్ఛలు వచ్చి, లేనివి కనబడి, అరచుచు వచ్చినారు. కొందరు మరణించినారు. మరల 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో అట్టి కల్లు త్రాగి కొందరు ప్రాణములు విడిచినారు. అప్పుడును అల్ప్రజోలామ్ మాటయే వినబడినది.

కల్లుకుండలో పడిన అల్ప్రజోలామ్‌ను కల్తీ యనుచున్నాము. వెండిరేకు పట్టీలో నున్న అల్ప్రజోలామ్‌ను మందు అనుచున్నాము. రెండును ఒకటే యనుట తప్పు. వైద్యుడు ఎరిగి, తూచి, కొద్దిదినములకు ఇచ్చినది మందు. పిడికిలితో కుండలో పోసినది విషము. అయితే వైద్యుని చీటీ ఎప్పుడో చినిగిపోయి, ఆరేండ్లుగా మాత్ర మాత్రము ఆగకుండ నడచుచున్నప్పుడు, ఆ వర్తకుని శరీరమునకును పాలమూరు కూలివాని శరీరమునకును భేదమెంత? కూలివానిని చూచి త్రాగుబోతనుట సులభము. అతనికి వెండిరేకు పట్టీ కొనుటకు తాహతు లేదు, అంతే.

ఇక్కడ ఆగి చెప్పవలసిన సంగతి ఒకటి కలదు. ఇట్టి ప్రసంగము విని ఎవరును నేటి రాత్రినుండి మాత్ర మానివేయకూడదు. ఎన్నో నెలలు వాడిన నిద్రమాత్రను ఒక్కసారిగ ఆపినచో మూర్ఛలు రావచ్చును. నిజామాబాదులో జరిగినది అదియే. వైద్యుని యొద్దకు పోయి, కొద్దికొద్దిగ తగ్గించుకొనవలెను. దానికి వారములు, నెలలు కూడ పట్టవచ్చును. పర్యూషణములో ఆవేశముతో ప్రత్యాఖ్యానము చెప్పుటకు తగిన విషయము కాదిది.

ఇంకొక సంగతి. మనోరోగము నిజముగ నున్నది. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రొమజీన్ అను మందును వాడి, సంవత్సరములుగా గదులలో బంధింపబడినవారిని మనుష్యులతో మాటలాడునట్లు చేసినారు. దానిని మత్తని తీసివేయుట అజ్ఞానము. ఔషధదానము మన దానములలో చేరినది. రోగికి సేవచేయు వైయావృత్యము అభ్యంతర తపస్సు. బెంగుళూరు పిచ్చాసుపత్రియు, 1954లో వెలసిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థయు కలిసి 1974లో నిమ్‌హాన్స్ అయినవి. కోలారునుండి ఉదయము బయలుదేరి మధ్యాహ్నము లోపల చూపించుకొని రావచ్చును. అయినను మన ఇండ్లలో ఏమి జరుగుచున్నది? కోడలు నెలల తరబడి ముఖము కడుగక, బిడ్డను ఎత్తక, గోడ వైపు తిరిగి పడుకొన్నచో, తంత్రము చేయించుదురు, మ్రొక్కుబడి కట్టుదురు, పుట్టినింటికి పంపుదురు. నిమ్‌హాన్స్‌కు మాత్రము తీసికొనిపోరు. ఆడపడుచు పెండ్లి సంబంధమునకు మచ్చ వచ్చునట. కొందరు పెద్దలు ఆమె యెదుటనే 'పూర్వకర్మము' అందురు. అసాతావేదనీయము ఎవరికి ఎప్పుడు ఉదయించునో కేవలి ఎరుగును. పరుల దుఃఖమునకు కారణము తమకు తెలిసినట్లు పలుకుట వాగ్‌హింస.

ఇదియే ఈ కాలపు వింత. మందు అవసరమైనవారికి సిగ్గుచేత అందుట లేదు. అవసరము లేనివారికి చీటీ లేకుండ అందుచున్నది.

అందించువారిలో మనవారును ఉన్నారు కనుక ఈ మాట కొంచెము కఠినముగ చెప్పవలెను. శ్రావకుడు చేయరాని పదిహేను వ్యాపారములలో రసవాణిజ్యము, విషవాణిజ్యము కలవు. మందుల అంగడి విషవాణిజ్యము కాదు. ప్రాణము నిలుపు వ్యాపారము. కాని అదే అంగడి తెలిసినవారను మొగమాటముతో చీటీ లేకుండ నిద్రమాత్రల పట్టీ కాగితములో చుట్టి ఇచ్చిన క్షణమున ఏమగును? కేంద్ర ప్రభుత్వము 2013లో హెచ్-1 అను పట్టికను చేర్చినది. 2014 మార్చి 1 నుండి అది అమలులో నున్నది. అల్ప్రజోలామ్, డయాజిపామ్, జోల్పిడెమ్ వంటివి అందున్నవి. చీటీ వ్రాసిన వైద్యుని పేరు, రోగి పేరు, మందు పేరు, ఎంత ఇచ్చినది వేరు పుస్తకములో వ్రాసి మూడేండ్లు దాచవలెను. రోకడ, ఖాతా తరతరములుగా తప్పక వ్రాయు జాతికి ఈ ఒక్క పుస్తకము బరువైనదా?

ఇంతవరకు మాత్రను గూర్చి. మాత్ర అడుగువాని మనస్సును గూర్చి కూడ చూడవలెను. దృష్టాంతమునకు సుగటూరులో కుదువ అంగడి పెట్టుకొన్న ఒక వర్తకుని చెప్పవచ్చును. పేరు అక్కరలేదు, ఏ ఊరిలోనైనను ఉండవచ్చును.

ఆయన పూర్వము రాబర్ట్‌సన్‌పేటలో వ్యాపారము చేసినాడు. గనులు మూతపడిన తరువాత, జీతము నిలిచిన ఇండ్లనుండి నగలు కుదువకు వచ్చుచుండెను. ఒక గని కూలివాని భార్య రెండున్నర సవరల గొలుసు పెట్టినది. గడువు దాటినది. దాటిన అయిదవ దినమున ఆమె అసలు, వడ్డీ చీర చెంగున ముడివేసికొని వచ్చినది. గొలుసు అప్పటికే కరగిపోయినది. 'గడువు దాటినదమ్మా' అని ఆయన చెప్పినాడు. కాగితము ప్రకారము ఆ మాట నిజము. నోటీసు మాత్రము పంపలేదు. ఆమె ఏమియు అనక, ముడి విప్పకుండనే మెట్లు దిగిపోయినది.

ఇరువది యేండ్లు గడచినవి. మెట్ట వయస్సున, రాత్రి రెండు గంటలకు, ఆ చెంగు ముడి కనబడుట మొదలుపెట్టినది. ఆయన వైద్యుని యొద్దకు పోలేదు. సాధుమహారాజు యొద్దకును పోలేదు. తెలిసిన మందుల అంగడికి పోయినాడు. మొదట అర్ధమాత్ర, రెండు నెలలకు పూర్తి మాత్ర. నిద్ర వచ్చినది, ముడి కనబడుట ఆగినది. వర్తకుడు సంతోషించినాడు. బాకీదారు తలుపు తట్టుచుండగా చెవులలో దూది పెట్టుకొని, బాకీ తీరినదని సంతోషించుట వంటిది ఆ సంతోషము.

తత్త్వార్థసూత్రము కుదువసొత్తును దిగమ్రింగుటను న్యాసాపహారమని పేరు పెట్టి రెండవ అణువ్రతమైన సత్యవ్రతపు అతిచారములలో చేర్చినది. దొంగతనములో గాక అసత్యములో చేర్చుట గమనింపదగినది. 'గడువు దాటినది' అను మాట నిజమై యుండియు అసత్యము కాగలదని ఆ సూత్రకర్తకు తెలియును. ప్రతిక్రమణమున ఆయన ఆ అతిచారములను ప్రతి పక్షమునకు ఒకసారి నోట పలుకుచునే యుండెను. నోరు పలికినది, మనస్సు మాత్ర క్రింద నిద్రించినది. నలుబదియెనిమిది నిమిషముల సామాయికమున కూర్చున్నను అంతే. బయటివారికి ఆయన ముఖము ప్రశాంతముగ కనబడెను. కోడండ్రు కూడ మామగారికి శాంతము వచ్చినదని చెప్పుకొన్నారు.

శాంతము వచ్చినవాడు సుఖదుఃఖములను రెంటిని ఎరిగియు చలింపడు. మత్తులోనున్నవాడు ఎరుగడు కనుక చలింపడు. చూచువారికి ఇద్దరును ఒక్కటిగనే కనబడుదురు. మద్యము, విషయములు, కషాయములు, నిద్ర, వికథ అను అయిదింటిని ప్రమాదములని చెప్పినప్పుడు మద్యమును నిద్రను ఒకే వరుసలో పెట్టుటకు కారణము ఇదియే కాబోలు. దేహమునకు కావలసిన నిద్ర వేరు. తప్పు నిద్రపోవుట వేరు.

ఒక ఏడు మెట్లపై కాలు జారి పడి, మోకాలు దెబ్బ తగిలి, ఆయన కోలారు వైద్యుని చూడవలసి వచ్చినది. ముసలితనమున ఈ మాత్రలు కాలు తడబడునట్లు చేయునని, జ్ఞాపకమును మందగింపజేయునని వైద్యుడు చెప్పి, తగ్గించు క్రమము వ్రాసి యిచ్చినాడు. నాలుగు నెలలు పట్టినది. మాత్ర తగ్గినకొలది చెంగు ముడి మరల వచ్చినది. ఈసారి ఆయన లేచి దీపము వేసి, పాత బహీ తీసి, ఆ పద్దు వెదకినాడు. గొలుసు తూకము, తేదీ, ఆండర్సన్‌పేట చిరునామా తన చేవ్రాతతోనే ఉన్నవి. చాతుర్మాసమునకు వచ్చియున్న మహారాజుగారి యెదుట ఆలోచన చేసినాడు. ముప్పదియేండ్లుగా పర్యూషణమున పదిమందితో 'మిచ్ఛామి దుక్కడం' చెప్పినవాడు మొదటిసారి ఒక పద్దు పేరు చెప్పి చెప్పినాడు. మహారాజుగారు తపస్సు ఏమియు ముందుగ విధింపలేదట. 'ఆ ఇల్లు చూచి వచ్చితివా' అని మాత్రము అడిగినారట.

ఎంత తిరిగి ఇయ్యవలెనని ఇంట తర్కము జరిగినది. నాటి ధర కట్టి వడ్డీ చేర్చి ఇచ్చిన చాలునని కుమారుడు. పుచ్చుకొన్నది రూపాయలు కాదు, బంగారము. కనుక బంగారమే ఇయ్యవలెనని తండ్రి. రెండింటికి నడుమ తేడా ఎంతో ఈ సంచిక చదువువారికి వేరుగ లెక్క కట్టి చూపనక్కరలేదు. చివరకు రెండున్నర సవరలు తూచి, నాడు రావలసిన అసలు వడ్డీలను కూడ విడిచిపెట్టి, మూటకట్టినారు.

ఆండర్సన్‌పేటలో ఆ ఇల్లు ఉన్నది. ఆమె లేదు. కుమార్తె యున్నది గాని, గనులు పోయిన తరువాత ఆ ఊరివారు ఎందరో చేసినట్లే, తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పనికి పోయి రాత్రికి తిరిగి వచ్చునని ప్రక్కింటివారు చెప్పినారు. మూట వారికి ఇచ్చి రావచ్చునని తోడు వచ్చిన మనుమడు అన్నాడు. ఆయన ఒప్పుకొనలేదు. స్టేషనుకు పోయి, సూర్యాస్తమయము కాకముందే తెచ్చుకొన్నది తిని, నీరు త్రాగి, చౌవిహారము చెప్పుకొని, బెంగుళూరు రైలు కొఱకు బల్లమీద కూర్చున్నాడు. అది రెండు గంటలు ఆలస్యమని చెప్పినారు.